పెన్సిలుతో నేర్చుకునే కంప్యూటర్

అసెంబ్లీ అనే మాట వినగానే హైదరాబాదులో ఎవరికైనా పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న శాసనసభ గుర్తుకొస్తుంది. హాస్టళ్ళలో పెరిగిన మనకైతే పొద్దున్నే వరుసలో నిలబడి చేసిన ప్రార్థన కూడా గుర్తుకొస్తుంది. డిప్లొమాలోనో, ఇంజనీరింగులోనో, బీఎస్సీ ఎలక్ట్రానిక్సులోనో చేరాక మూడో అసెంబ్లీ ఒకటి ఎదురవుతుంది. అదే అసెంబ్లీ లాంగ్వేజీ. మైక్రోప్రాసెసర్ పేపరులో వస్తుంది, ల్యాబులో వస్తుంది, వైవాలో వస్తుంది. చాలామందికి బ్యాక్‌లాగ్ రూపంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఈ వార్షికోత్సవ సంచికలో గ్రూప్స్ గురించి, ఇంటర్వ్యూల గురించి, క్రమశిక్షణ గురించి రాసే మిత్రులు ఎటూ ఉంటారు. మేము ఈ ఒక్క సబ్జెక్టు గురించి రాయదలచుకున్నాం. మేమంటే ఈ హాస్టల్లో వేర్వేరు సంవత్సరాల్లో ఉండి దీన్ని చదివిన కొందరం, ఇప్పుడు చదువుతున్న ఇద్దరు ముగ్గురం. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. కంప్యూటర్ చదువులన్నింటిలో మన హాస్టల్ విద్యార్థి ఎవరికంటే వెనకబడకుండా మొదలుపెట్టగలిగే చదువు ఇదే. విచిత్రమేమిటంటే మనం అందరికంటే ముందు వదిలేసేది కూడా దీన్నే.

ఎందుకు వదిలేస్తున్నామో తెలియాలంటే రాంనగర్ చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోవాలి. అశోక్‌నగర్ వీధుల్లో గోడ కనబడకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ షాపుల్లో కరెంట్ అఫైర్స్ కట్టలు. నారాయణగూడ వైపు పోతే ర్యాంకుల ఫ్లెక్సీలు. సాఫ్ట్‌వేర్ కావాలంటే అమీర్‌పేట బస్సు ఎక్కాలి. ఈ వాతావరణంలో ఒక సాయంత్రం 8085 ప్రాసెసర్ మీద గడుపుతానంటే రూమ్మేట్లే నవ్వుతారు. "దాంతో ఏ ఉద్యోగం వస్తదిరా?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు తర్వాత చెప్తాం. ముందు ఆ నవ్వు వల్ల జరిగే నష్టం చూడండి.

ఒక్క పేపరే కదా, పోతే పోయింది అనుకుంటాం. ఇంటి దగ్గర నుంచి కాలేజీకి పోయేవాడికి బ్యాక్‌లాగ్ అంటే మళ్ళీ కట్టే పరీక్ష ఫీజు. మనకు అంతటితో ఆగదు. బ్యాక్‌లాగులు పేరుకొని డిటెయిన్ అయితే ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఆగుతుంది. స్కాలర్‌షిప్ ఆగితే హాస్టల్ సీటు కూడా ప్రశ్నార్థకమే. అలా ట్రంకు పెట్టె సర్దుకొని ఊరికి పోయి, మళ్ళీ తిరిగిరాని వాళ్ళు మా బ్యాచీల్లో ఉన్నారు. వాళ్ళు తెలివి తక్కువ వాళ్ళేమీ కారు. ఒకతను మెస్సు లెక్కలు నోటితో కట్టి చెప్పేవాడు, ఒక్క రూపాయి తేడా వచ్చేది కాదు. అతనికి మైక్రోప్రాసెసర్ పేపరు పోయింది!

పోవడానికి కారణం సబ్జెక్టు కష్టమైనది కావడం కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం. సి లాంగ్వేజీ, జావా, పైథాన్ ఏది మొదలుపెట్టాలన్నా ముందు ఒక కంప్యూటర్ కావాలి. అందులో ఏవేవో ఇన్‌స్టాల్ చేయాలి. తప్పు చేస్తే అది ఇంగ్లీషులో తిడుతుంది. ఆ తిట్టు అర్థం చేసుకునేసరికి పక్కవాడు మూడో ప్రోగ్రాములో ఉంటాడు. ల్యాప్‌టాప్ లేనివాడు, తెలుగు మీడియంలో పది చదివినవాడు మొదటి వారంలోనే వెనక బెంచీకి చేరిపోతాడు. అసెంబ్లీలో ఈ రెండు అడ్డంకులూ లేవు. 8085కు ఉన్న ఆదేశాలు సుమారు 74. ఇంగ్లీషు డిక్షనరీ మొత్తం చదివినవాడు ఎవడూ లేడు. ఇది 74 మాటల డిక్షనరీ. మూవ్, యాడ్, సబ్, జంప్, కాల్... వీటిలో సగం మాటలు మన ఊళ్ళో బస్సు కండక్టర్లకు కూడా తెలుసు. మిగతా సగం, అంటే ఎల్.ఎక్స్.ఐ., డి.సి.ఆర్., జె.ఎన్.జెడ్. లాంటివి, కాన్వెంటులో చదివినవాడికి కూడా మొదటి రోజు తెలియవు. అక్కడ అందరిదీ ఒకటే గీత.

ఇంకో మాట చెప్తే కొందరు నమ్మరు. "మూవ్ ఎ, బి" అనే ఆదేశం చూడండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు దాన్ని "ఎ ని బి లోకి జరుపు" అని చదువుతాడు. అది తప్పు. ఈ ఆదేశంలో ముందు వచ్చేది చేరవలసిన చోటు. తెలుగులో ఆలోచించేవాడు "ఎ లోకి బి" అని చదువుకుంటే సరిగ్గా సరిపోతుంది. "పళ్ళెంలోకి అన్నం" అన్నట్టే. పైగా మూవ్ అని పేరే గానీ అక్కడ జరిగేది జిరాక్స్. బి లోని అంకె బి లోనే ఉంటుంది, దాని నకలు ఎ లోకి వస్తుంది. ఈ రెండు ముక్కలు మొదటి రోజే తెలుగులో చెప్పేవాళ్ళుంటే సగం మంది నిలబడిపోయేవాళ్ళు.

ఇక అసలు సంగతి. ప్రాసెసర్‌కు మాటలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి ఆదేశానికీ ఒక అంకె ఉంటుంది. మనిషి అంకెలు గుర్తుపెట్టుకోలేడు కాబట్టి అంకెకు బదులు చిన్న గుర్తు రాసుకున్నాడు. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ అనే యంత్రం మీద డేవిడ్ వీలర్ అనే కుర్రాడు, అప్పటికి పరిశోధక విద్యార్థి, ఆదేశాలను అక్షరాలతో రాస్తే యంత్రమే వాటిని తన అంకెల్లోకి మార్చుకునే ఏర్పాటు చేశాడు. అలా మార్చే ప్రోగ్రామును అసెంబ్లర్ అంటున్నాం. 8085 లాంటి చిన్న ప్రాసెసర్‌కు ఆ అసెంబ్లర్ కూడా అక్కర్లేదు. ఒక చార్టు పక్కన పెట్టుకొని మనమే పెన్సిలుతో మార్చవచ్చు.

ప్రాసెసర్ లోపల ఎ, బి, సి, డి, ఇ, హెచ్, ఎల్ అని ఏడు చిన్న అరలున్నాయి. వీటిని రిజిస్టర్లు అంటారు. హాస్టల్లో రిజిస్టర్ అంటే వార్డెన్ సార్ చేతిలోని హాజరు పట్టీ కాబట్టి, మొదటి క్లాసులో ఈ మాట వినగానే మాలో కొందరికి గుండె దడదడలాడింది. బయట మెమొరీలో 65,536 అరలు, ఒక్కోదానికి ఒక నంబరు. సామాన్ల గదిలో ట్రంకు పెట్టెల మీద పెయింటుతో రాసిన నంబర్ల లాగే. ప్రాసెసర్ చేసే పని అంతా ఆ పెట్టెల్లోంచి అంకె తీసుకోవడం, అరల్లో పెట్టుకొని కూడడమో తీయడమో పోల్చడమో చేయడం, తిరిగి పెట్టెలో పెట్టడం. అంతకు మించి మాయ ఏమీ లేదు.

ఇప్పుడు ఒక ప్రోగ్రాం. 25, 17 కూడాలి. ల్యాబు కిట్టు మీద 8000 అనే చిరునామా నుంచి వరుసగా ఈ తొమ్మిది అంకెలు నొక్కాలి: 3ఇ, 25, 06, 17, 80, 32, 50, 80, 76. మొదటి రెండూ ఎ లోకి 25 పెట్టమని. తర్వాతి రెండూ బి లోకి 17. 80 అంటే ఎ కి బి ని కలుపు. 32, 50, 80 మూడూ కలిసి, జవాబును 8050 అనే పెట్టెలో దాచమని. చిరునామాలో వెనక సగం ముందు రాయాలి, ముందు సగం వెనక రాయాలి. అది ఇంటెల్ వాళ్ళ ఆచారం. 76 అంటే ఆగు. ఇంతే ప్రోగ్రాం. ఇందులో 80 రెండు చోట్ల ఉందని గమనించారా? ఒక చోట అది కూడమనే ఆదేశం, ఇంకో చోట చిరునామాలో భాగం. అంకె ఒకటే, కూర్చున్న చోటును బట్టి అర్థం మారుతుంది. కంప్యూటర్ గురించి చదివిన వాటిలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఈ ఒక్క సంగతే.

ప్రోగ్రాం నడిపి 8050 చూస్తే 42 ఉండాలి కదా. ఉండదు. 3సి అని ఉంటుంది. అక్కడ చాలామంది కిట్టు పాడైందని పక్కకు జరిగిపోతారు. కిట్టు బాగానే ఉంది. అది పదులతో కాకుండా పదహారులతో లెక్కపెడుతోంది. తొమ్మిది తర్వాత పదికి ఎ, పదకొండుకు బి, పన్నెండుకు సి, అలా పదిహేనుకు ఎఫ్. దీనికి హెక్సాడెసిమల్ అని పెద్ద పేరు పెట్టి, బోర్డు నిండా సూత్రాలు రాసి భయపెడతారు. మా అభిప్రాయంలో ఇది మన తాతమ్మల లెక్క. 1957లో నయా పైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. 2 రూపాయల 5 అణాలకు 1 రూపాయి 7 అణాలు కలిపితే ఎంత? 3 రూపాయల 12 అణాలు. అణాలు 12 అంటే సి. అదే 3సి! బడి ముఖం చూడని ముసలమ్మ సంతలో క్షణంలో చెప్పిన జవాబును, మనం ల్యాబులో కూర్చొని తప్పనుకుంటున్నాం. నిజమైన తెలుగుతనానికి "పదహారణాల" అనే మాట ఇంకా వాడుకలోనే ఉంది, లెక్క మాత్రం మరిచిపోయాం.

మనకు పదుల లెక్కలోనే 42 కావాలంటే కూడిక తర్వాత 27 అనే ఒక్క అంకె చేర్చాలి. దాని పేరు డి.ఎ.ఎ. అది అణాల స్థానంలో తొమ్మిది దాటిందేమో చూసి, దాటితే ఆరు కలుపుతుంది. పన్నెండుకు ఆరు కలిపితే పద్దెనిమిది, అంటే ఒక రూపాయి రెండు అణాలు. 3 పోయి 4 అయ్యింది, సి పోయి 2 అయ్యింది. ఆరే ఎందుకంటే పదహారుకూ పదికీ తేడా ఆరు. దీన్ని బట్టీ పట్టాల్సిన అవసరం ఏముంది చెప్పండి?

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేం. 8085కు గుణకారం తెలియదు. ఎక్కాలు రాని పిల్లవాడి లాగా మళ్ళీ మళ్ళీ కూడాలి. హాస్టల్లో 20 గదులు, గదికి 15 మంది. మొత్తం ఎంతమందో చెప్పమందాం. (గదికి 15 మంది అనేది లెక్క కోసం వేసిన అంకె అని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు మా కాలంలో ఇక్కడ లేరన్నమాట.) ఎ లో సున్నా పెట్టి, 15ను ఇరవై సార్లు కూడమని రాస్తాం. జవాబు 300 రావాలి. కిట్టు 2సి చూపిస్తుంది. 2 రూపాయల 12 అణాలు, అంటే 44. మూడు వందల మంది ఉన్న హాస్టల్లో 44 మందికి బియ్యం కొలిచి ఇచ్చినట్టు!

కారణం అందరికీ తెలిసిందే. ఒక అరలో 255 దాకానే పడుతుంది, దాటితే 256 పొంగిపోతుంది. పొంగినట్టు గుర్తుగా క్యారీ అనే చిన్న జెండా లేస్తుంది. సరే, ప్రోగ్రాం చివర ఆ జెండా చూద్దామని చూస్తే అది దిగి ఉంటుంది. ఎందుకు? పదిహేడో కూడికకు సరిగ్గా 255 అయింది. పద్దెనిమిదో కూడికలో పొంగింది, జెండా లేచింది, అరలో 14 మిగిలింది. పంతొమ్మిదో కూడికలో 29 అయింది, ఏమీ పొంగలేదు, జెండా దిగిపోయింది. ఇరవైకి 44. మనం చూసేసరికి ఏమీ జరగనట్టే ఉంది. కాబట్టి ప్రతి కూడిక తర్వాత వెంటనే జెండా చూసి, లేస్తే ఇంకో అరలో ఒకటి వేసుకుంటూ పోవాలి. అప్పుడు ఆ అరలో 1, ఈ అరలో 44. రెండూ కలిపితే 300. ఈ లెక్కను కాగితం మీద ఇరవై వరుసలు గీసి చేత్తో వేసినవాడు జన్మలో మరిచిపోడు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన నిమిషం లోపే పేలిపోవడానికి మూలం కూడా ఈ జాతి తప్పే. పెద్ద అంకెను 16 బిట్ల చిన్న అరలో పట్టించబోయారు. మనం పెన్సిలుతో నేర్చుకునే పాఠాన్ని వాళ్ళు ఒక రాకెట్టు ఖర్చుతో నేర్చుకున్నారు.

సి లాంగ్వేజీలో పాయింటర్లు అనగానే భయపడే తమ్ముళ్ళు ఉన్నారు. హెచ్, ఎల్ అరల్లో పెట్టె నంబరు రాసుకొని, ఆ పెట్టెలోని అంకెను తెమ్మని 8085కు చెప్పడం వస్తే పాయింటర్ వచ్చినట్టే. నంబరు వేరు, పెట్టెలోని సరుకు వేరు. అంతకంటే అందులో ఏమీ లేదు. స్టాక్ అంటే మెస్సులో కడిగి పేర్చిన కంచాల దొంతర, చివర పెట్టిందే ముందు తీస్తాం. ఇవన్నీ మన కళ్ళ ముందు ఉన్న విషయాలే.

ఇదంతా విదేశీ విద్య అనుకోవద్దు. మన ఊరి చరిత్రలోనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, అందరూ ఎ.ఎస్. రావు అనే ఆయన, హైదరాబాదులో 1967లో మొదలైన ఈసీఐఎల్ సంస్థకు సారథ్యం వహించారు. ఎ.ఎస్. రావు నగర్ అనే పేరు ఆయనదే. ట్రాంబేలో భాభా అణు పరిశోధనా కేంద్రం వాళ్ళు రూపొందించిన టి.డి.సి. 12 అనే కంప్యూటర్‌ను ఈసీఐఎల్ 1969లో తయారుచేసి బయటికి తెచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు, 12 బిట్ల యంత్రం. తర్వాత 1970లలో టి.డి.సి. 312, టి.డి.సి. 316 వచ్చాయి. ఆ తరం యంత్రాల దగ్గర కూర్చున్నవాళ్ళకు రిజిస్టర్లు, చిరునామాలు, ఆదేశాల అంకెలు రోజువారీ మాటలు. అదే 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో 11 లోని మార్గదర్శక కంప్యూటర్‌కు కూడా ప్రోగ్రాం ప్రధానంగా అసెంబ్లీలోనే రాశారు. అందులో రాసి చెరిపే మెమొరీ 2,048 పదాలే. మనం ఈసీఐఎల్ అంటే బస్సు బోర్డు మీద చివరి స్టాపు అనుకుంటున్నాం. ఆ స్టాపులో ఏం తయారైందో మన పాఠాల్లో ఎవరూ చెప్పలేదు.

8085ను పాతబడిన చిప్పు అని ఎగతాళి చేసేవాళ్ళకు ఒక సమాచారం. 1976లో వచ్చిన ఆ చిప్పు తాలూకు 80సి85 అనే రకం, 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ బండిలో పనిచేసింది.

సరే, ఉద్యోగం మాటేమిటి? అబద్ధం చెప్పదలచుకోలేదు. అసెంబ్లీ ఒక్కటే వస్తే ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఆ పేరుతో అమీర్‌పేటలో బోర్డు కనబడకపోవడానికి కారణం అదే. కానీ ఉద్యోగం వచ్చే చాలా చదువులు దీని మీద నిలబడి ఉన్నాయి. గేట్ కంప్యూటర్ సైన్సు పేపరులో కంప్యూటర్ ఆర్గనైజేషన్ మార్కులు ఇది తెలిసినవాడికి చులాగ్గా వస్తాయి. మోటారు కంట్రోలర్లు, మీటర్లు, వైద్య పరికరాలు తయారుచేసే ఎంబెడెడ్ కంపెనీల్లో రోజూ అసెంబ్లీ రాయకపోయినా, తేడా వచ్చినప్పుడు చదవడం రావాలి. వైరస్‌లను విప్పి చూసే సైబర్ సెక్యూరిటీ వాళ్ళ చేతికి వచ్చేది అసెంబ్లీయే, అసలు ప్రోగ్రాం ఎవడూ ఇవ్వడు కదా. ఫోన్లో వీడియోలు ఆడించడానికి ప్రపంచమంతా వాడే ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేగం కావాల్సిన భాగాలను ఈ రోజుకూ చేత్తో అసెంబ్లీలో రాస్తున్నారు. మద్రాస్ ఐఐటీ శక్తి, సీ-డాక్ వేగా అనే ప్రాసెసర్లను మన దేశంలోనే రూపొందించారు. అవి రిస్క్-ఫైవ్ అనే పద్ధతి మీద నడుస్తాయి. దాని మూల ఆదేశాలు 50 లోపే ఉంటాయి. 74 నేర్చుకున్నవాడికి అదొక లెక్కా?

ఇప్పుడు అడిగితే ప్రోగ్రాం రాసిచ్చే ఏఐ ఫోనులోనే ఉంది, మరి మనం నేర్చుకోవడం ఎందుకని ఒక జూనియర్ తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. అది రాసిచ్చిన ప్రోగ్రాం 44 అని చెప్తే, కాదు 300 అని చెప్పేవాడు ఒకడు కావాలి కదా తమ్ముడూ. ఇరవై వరుసలు చేత్తో గీసినవాడే ఆ మాట ధైర్యంగా అనగలడు.

కాలేజీల గురించి కూడా ఒక మాట అనాలి. మాలో ఒకరు చదివిన చోట, పేరు అనవసరం, పన్నెండు మందికి ఒక కిట్టు. ముందు వరుసలో ఉన్న ఇద్దరు నొక్కేవాళ్ళు, మిగతా పదిమంది రికార్డు కాపీ కొట్టేవాళ్ళు. రికార్డు అందంగా ఉంటే మార్కులు. అంకె ఒకటి తారుమారైనా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే దిద్దేవాళ్ళు కూడా అట్టా, చేతిరాతా చూసేవాళ్ళు. అలా రెండేళ్ళ పాటు సీనియర్ల రికార్డుల్లోని తప్పులు జూనియర్ల రికార్డుల్లోకి వారసత్వంగా వచ్చాయి. కిట్టుకు కరెంటు పోతే చాలా వాటిలో ప్రోగ్రాం కూడా పోతుంది. కాగితం మీద సొంతంగా రాసుకున్నవాడికి ఏమీ పోదు. కిట్టు దొరకలేదు కాబట్టి నేర్చుకోలేదనే మాటను అందుకే మేము ఒప్పుకోం. కిట్టు జవాబు సరిచూసుకోవడానికే. నేర్చుకోవడం కాగితం మీద జరుగుతుంది.

కాబట్టి ఈ ఏడాది నుంచి మన స్టడీ హాల్లో ఒక పని మొదలుపెట్టాలని మా ప్రతిపాదన. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక గంట చాలు. పొడుగు నోటుబుక్కులో అయిదు నిలువు గీతలు గీయాలి: చిరునామా, అంకె, గుర్తు, ఆదేశం, ఎందుకు. ఆ చివరి గడిలో తెలుగులో రాయాలి. "ఎ లోకి 25" అని రాస్తే చాలు. పక్క పేజీలో ఒక్కో ఆదేశం తర్వాత ఏ అరలో ఏముందో రాయాలి. ముందు రెండు అంకెల కూడిక, తర్వాత పది అంకెల మొత్తం, తర్వాత పదింటిలో పెద్దది, తర్వాత గుణకారం, ఆ తర్వాత అంకెలను చిన్న నుంచి పెద్దకు సర్దడం. నాలుగు నెలల్లో ఇంత జరిగితే సెమిస్టర్ పరీక్షకు విడిగా చదవాల్సింది కొంచెమే. ఇంజనీరింగు వాళ్ళకు 8086 ఉంటుంది. దాని సెగ్మెంట్లతో మొదలుపెట్టి బెదిరిపోవద్దు, ముందు నెల రోజులు 8085 తోనే గడపండి. వెనక్కి తిరిగి చూస్తే ఆ నెల వృథా అని అనరు.

పుస్తకం కొత్తది కొనాల్సిన పని లేదు. రమేశ్ గావ్‌కర్ రాసిన 8085 పుస్తకం, 8086కు డగ్లస్ హాల్ పుస్తకం కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో వెతికితే దొరుకుతాయి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా. పేజీల మీద పాత యజమాని గీసిన గీతలుంటే ఇంకా మంచిది, ఏవి పరీక్షలో వచ్చాయో తెలుస్తుంది! సరిచూసుకోవడానికి జి.ఎన్.యు. సిమ్ 8085 అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. 2003లో శ్రీధర్ రత్నకుమార్ అనే ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు దాన్ని రాయడం మొదలుపెట్టాడు. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. హాస్టల్ ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటర్‌ను ఆదివారం గంట సేపు వాడుకోనివ్వమని వార్డెన్ సార్‌ను ఈ సంచిక ద్వారా కోరుతున్నాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. ప్రతి ఏటా వార్షికోత్సవానికి మీరు బహుమతులు, షీల్డులు పంపుతున్నారు, సంతోషం. ఈసారి మీలో ఎలక్ట్రానిక్సు, కంప్యూటర్ చదివినవాళ్ళు నెలకు ఒక్క ఆదివారం మీ గంట పంపండి. మీ కంపెనీలోనో, మీరు పాఠం చెప్పే కాలేజీలోనో పక్కన పడేసిన కిట్టు ఉంటే, దాన్ని వేలంలోనైనా కొనుక్కొచ్చి ఇవ్వండి. ఒక్క కిట్టు, మేము పన్నెండు మందికి ఒకటి కాకుండా ఇద్దరికి ఒకటి చొప్పున వంతులు వేసుకుంటాం.

మొదటి ఆదివారం పని చార్టు రాయడం. నాలుగు డ్రాయింగ్ షీట్లు అతికించి 16 అడ్డం, 16 నిలువు గళ్ళు గీస్తాం. మొత్తం 256. అందులో 246 గళ్ళలో ఆదేశాలు వస్తాయి, పది గళ్ళు ఖాళీగా ఉంటాయి, ఇంటెల్ వాళ్ళు వాటిని తమ పుస్తకంలో ప్రకటించలేదు. రాస్తూ పోతే మధ్యలో వరుసగా 64 గళ్ళు, నలభై నుంచి డెబ్బై-ఎఫ్ దాకా, అన్నీ మూవ్‌లే కనిపిస్తాయి. ఒక్క గడి తప్ప. పెట్టెలోంచి అదే పెట్టెలోకి నకలు తీయమనే అర్థం లేని మూవ్ ఎక్కడ రావాలో, సరిగ్గా అక్కడ 76, అంటే "ఆగు" అనే ఆదేశం కూర్చొని ఉంటుంది. ఎందుకలా పెట్టారో గళ్ళు నింపేవాళ్ళే ఆలోచించి చెప్పాలి. పదహారు మంది కావాలి, మనిషికి ఒక వరుస. సున్నా వరుస మేము రాస్తాం. మిగతా పదిహేను వరుసలకు పేర్లు రాయడానికి స్టడీ హాలు తలుపు వెనక ఒక కాగితం అంటించాం, పెన్సిలు దారంతో కట్టి ఉంది.